లెక్కలో ఉన్నది, అరలో లేదు

ఒక ఔషధ గిడ్డంగిని ఊహించుకొందాము. ఒక జిల్లాలోని ఆసుపత్రులన్నిటికి మందులు అక్కడినుండే పోవలె. ఒకనాటి సాయంకాలము దూరపు ఆసుపత్రినుండి పాముకాటు విరుగుడు మందు కావలెనని కబురు వస్తుంది. గుమాస్తా కంప్యూటరు చూస్తాడు. నిల్వ 61 సీసాలు. "ఉన్నది, పంపుతాము" అని జవాబు చెప్తాడు. తీరా శీతల గది తెరచి చూస్తే అర ఖాళీ. అంతకంటె విచిత్రము మరొకటి ఉన్నది. అర ఖాళీ అయి వారాలు గడచినా కొత్త మందుకోసము ఎవరూ వ్రాయలేదు. వ్రాయవలసిన పని కంప్యూటరుది. దాని లెక్కలో మందు ఉన్నదాయె!

ఎవరో ఎత్తుకొనిపోయి ఉంటారు అన్నది ఇట్టి సందర్భములో అందరికీ మొదట తోచే మాట. ఈ అనుమానము చాల పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రములో రాజద్రవ్యమును అపహరించే మార్గములు 40 అని లెక్కపెట్టి చెప్పబడి ఉన్నవి. ఐతే అదే గ్రంథములో కోష్ఠాగారాధ్యక్షుని విధులను తెలిపే ప్రకరణమొకటి ఉన్నది. ధాన్యమును దంచితే ఎంత తరుగుతుందో, వండితే ఎంత పెరుగుతుందో అందులో వివరముగా ఉన్నది. దొంగ లేకపోయినా సరుకు రాశి మారుతుందని ఆ కాలమువారికే తెలుసునన్న మాట. ఐనా నేటికీ గిడ్డంగిలో తేడా కనబడగానే చూపు మనిషిమీదికే పోతుంది. ఆ మనిషి చాలసార్లు నిర్దోషి. అట్లైతే 61 సీసాలు ఏమైనవి?

రెండు నిల్వలు

ఏ గిడ్డంగిలోనైనా నిల్వలు రెండు ఉంటవి. అరలలో, నేలమీద, బస్తాలలో కంటికి కనబడేది అసలు నిల్వ. స్టాకు రిజిస్టరులోనో కంప్యూటరులోనో ఉండేది ఖాతా నిల్వ. ఈ రెండవది మొదటిదానికి తీసిన ఛాయాచిత్రమని చాలమంది అనుకొంటారు. నిజానికి అది కేవలము ఒక కూడిక, ఒక తీసివేత. నిన్నటి నిల్వకు నేడు వచ్చినది కలిపి, నేడు పోయినది తీసివేస్తే నేటి నిల్వ. సరుకును ఎవరూ చూడనవసరము లేదు. కాగితాలు చూస్తే చాలు.

ఇందులోని చిక్కు కొంచెము ఆలోచిస్తే బోధపడుతుంది. నిన్నటి తప్పు నేటి లెక్కలోకి వస్తుంది, నేటిది రేపటిలోకి పోతుంది. దినమునకు ఒక నిమిషము వెనుకబడే గోడగడియారము మొదటి రోజు ఎవరికీ హాని చేయదు. రెండు నెలలు సరిదిద్దకపోతే గంట వెనుకబడుతుంది. ఖాతాకూడ అట్టిదే. తనంతట తాను సరి అయ్యే గుణము దానికి లేదు.

తప్పులు ఎంత తరచుగా ఉంటవి? 1960లో రైన్‌హార్ట్ అనే పరిశోధకుడు అమెరికా ప్రభుత్వపు సరఫరా కేంద్రమొకదానిని పరిశీలించి ఫలితాలు ప్రకటించాడు. అక్కడ చూచిన 6,000 వస్తువులలో మూడవ వంతుకు ఖాతాకు, అసలుకు పొంతన లేదు. అవి చేతివ్రాత కాగితాల రోజులు, కంప్యూటరు వస్తే ఈ బెడద తీరుతుందని ఎవరైనా ఆశించి ఉండవచ్చును. 2008లో నికోల్ డీహొరేషియస్, అనంత్ రామన్ అనే ఇద్దరు అమెరికాలోని ఒక పెద్ద వర్తక సంస్థకు చెందిన 37 దుకాణాలలో సుమారు 3,70,000 ఖాతాలను పరీక్షించి ప్రకటించిన అంకె 65 శాతము. అంటే, నూటికి 65 ఖాతాలు తప్పు! ఆ సంస్థకు కంప్యూటర్లు లేక కాదు. గీతల గుర్తులను చదివే యంత్రాలు అన్ని దుకాణాలలోను ఉన్నవి. (వీటిలో కొన్ని తేడాలు ఒకటి రెండు వస్తువులవే కావచ్చును, అన్నీ పెద్దవని కాదు.)

కలము దగ్గర జరిగే తప్పులు

సరుకు గిడ్డంగి గడప దాటే ఘడియ అన్నిటికంటె ప్రమాదకరమైనది. లారీ వాకిట నిలిచి ఉన్నది. డ్రైవరుకు తొందర, హమాలీలకు తొందర. వెంట వచ్చిన చీటీమీద 200 పెట్టెలని ఉన్నది. గుమాస్తా లెక్కించకుండానే 200 అని వ్రాసుకొంటాడు. వచ్చినవి 198 ఐతే ఆ రెండు పెట్టెలు ఆ క్షణములోనే ఖాతాలో పుట్టి, ఎన్నడూ అరమీదికి రాని సరుకుగా నిలిచిపోతవి. తరువాత ఎంత కట్టుదిట్టముగా కాపలా కాచినా ప్రయోజనము లేదు.

రెండవది కొలమానము చిక్కు. మాత్రల పెట్టెలో 10 పట్టీలు, పట్టీకి 10 మాత్రలు ఉంటవి. పంపినవారు పెట్టెలలో వ్రాస్తారు, పుచ్చుకొన్నవారు పట్టీలలో ఎక్కిస్తారు, ఆసుపత్రి మాత్రలలో అడుగుతుంది. "5" అన్న ఒక్క అంకె 5 కావచ్చును, 50 కావచ్చును, 500 కావచ్చును. మన పెద్దలకు ఈ బాధ బాగా తెలుసు. కుంచము ఒక ఊళ్ళో ఉన్నట్లు మరొక ఊళ్ళో ఉండేది కాదు. పుట్టి అంటే ఎక్కడి పుట్టి అని అడగవలసి వచ్చేది. 1956లో తూనికలు కొలతల చట్టము చేసి, 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూనికలను అమలులోకి తెచ్చినది ఈ గందరగోళమును పోగొట్టడానికే. కిలోగ్రాము విషయములో అది పోయినది. "పెట్టె" అనే కొలత మాత్రము నేటికీ ఎవరి కుంచము వారిదే.

మూడవది పోలిక. ఒకే మందు 250 మిల్లీగ్రాములది, 500 మిల్లీగ్రాములది పక్కపక్కన ఉంటవి. పెట్టెల రంగు ఒకటే, పేరు ఒకటే. ఒకటి ఇచ్చి మరొకటి ఇచ్చినట్లు వ్రాస్తే ఒక ఖాతాలో ఒకటి తగ్గుతుంది, ఇంకొక ఖాతాలో ఒకటి పెరుగుతుంది. దుకాణాలలో ఇది మరీ సులభము. కొనేవాడు మూడు రుచుల బిస్కట్ పొట్లాలు తెస్తాడు. మూడింటి ధర ఒకటే కదా అని గుమాస్తా ఒకదానినే మూడుసార్లు యంత్రమునకు చూపిస్తాడు. డబ్బు లెక్క పైసాతోసహా సరిపోతుంది. సరుకు లెక్కలో మూడు ఖాతాలు ఒక్కసారిగా చెడిపోతవి. సంవత్సరాంతమున రూపాయలలో తనిఖీ చేసేవారికి ఈ తప్పు కనబడదు, ఎందుకంటే హెచ్చు తగ్గులు ఒకదానినొకటి కొట్టివేసుకొంటవి. రూపాయలలో సరిపోయిన నిల్వ వస్తువులలో సరిపోయినట్లు కాదు. ఈ సంగతి మరచి తృప్తిపడే సంస్థలు కొల్లలు.

ఇక అంకెల తారుమారు. 274 వ్రాయబోయి 247 వ్రాయడము చేతికి సహజము. దీనిని పట్టుకొనే పాత ఉపాయమొకటి గుమాస్తాల తరతరాల ఆస్తి. తేడా తొమ్మిదితో నిశ్శేషముగా భాగింపబడితే అంకెలు తారుమారు అయి ఉండవచ్చునని అనుమానించవలె. 274నుండి 247 తీసివేస్తే 27, అది మూడు తొమ్మిదులు. కారణము బీజగణితము నేర్చే విద్యార్థులు సులభముగా కనుగొనగలరు. పదుల స్థానములో అ, ఒకట్ల స్థానములో ఆ ఉంటే ఆ సంఖ్య 10అ + ఆ. తారుమారు చేస్తే 10ఆ + అ. భేదము 9(అ – ఆ). ఒక సున్న జారిపోయినా ఇదే జరుగుతుంది: 350కి బదులు 35 వ్రాస్తే భేదము 315, అనగా 9 × 35. ఐతే తొమ్మిదితో భాగింపబడే ప్రతి తేడా తారుమారువల్లనే వచ్చినదని చెప్పరాదు. నిజముగా 9 పెట్టెలు పోయి ఉండవచ్చును కదా.

వస్తువుల గుర్తు సంఖ్యలలో ఇట్టి తప్పులు దూరకుండ మరొక కాపలా పెట్టినారు. సబ్బు బిళ్ళమీదనో నోటుపుస్తకముమీదనో నల్లగీతల క్రింద 13 అంకెలు ఉంటవి. వాటిలో 12 అంకెలే అసలు సంఖ్య. పదమూడవది కాపలాదారు. ఎడమనుండి మొదటి అంకెను 1తో, రెండవదానిని 3తో, మూడవదానిని మరల 1తో, ఇట్లు వరుసగా గుణించి కూడవలె. ఆ మొత్తమునకు ఏ అంకె కలిపితే పదితో భాగింపబడుతుందో అదే పదమూడవ అంకె. ఉదాహరణకు 890123456789 అనే సంఖ్య తీసుకొంటే, బేసి స్థానముల మొత్తము 28, సరి స్థానముల మొత్తము 34, దానికి మూడింతలు 102. రెండూ కలిపితే 130. కనుక పదమూడవ అంకె 0. ఇందులో 5కు బదులు 6 పడితే మొత్తము 133 అవుతుంది. కాపలాదారు 7 ఉండవలసిన చోట 0 ఉండడము చూచి యంత్రము ఆ సంఖ్యను త్రోసిపుచ్చుతుంది. ఏ ఒక్క అంకె మారినా తప్పు బయటపడుతుంది. పక్క అంకెలు తారుమారైనా చాలవరకు బయటపడుతుంది. "చాలవరకు" అనడానికి కారణమున్నది: 1, 6 వంటి అయిదు తేడాగల అంకెలు తారుమారైతే మొత్తము సరిగా 10 మారుతుంది, అప్పుడు కాపలాదారు నిద్రపోతాడు.

ఈ గీతల గుర్తును దుకాణములో మొట్టమొదట యంత్రముతో చదివినది 1974 జూన్ 26న, అమెరికాలో ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణములో. అమ్మిన వస్తువు నమిలే గమ్ పొట్లము. అప్పటినుండి అంకెలు వ్రాయడములోని తప్పులు బాగా తగ్గిన మాట నిజము. కాని గుర్తు సంఖ్య సరియైనదా అన్నది ఒక ప్రశ్న, చేతిలో ఉన్న వస్తువు అదేనా అన్నది మరొక ప్రశ్న. బిస్కట్ పొట్లమును మూడుసార్లు చూపిన గుమాస్తాకు యంత్రము మూడుసార్లూ సరియే అంటుంది.

చివరగా కాలము. లెక్కించే పని ఉదయము పదింటికి మొదలై సాయంకాలము అయిదింటికి ముగుస్తుంది. ఈ మధ్య సరుకు వస్తూ పోతూ ఉంటే, లెక్కించిన అరనుండి లెక్కించని అరకు పెట్టె మారితే రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఎదురు దిశలో మారితే అసలు లెక్కకే రాదు. తప్పును సరిదిద్దడానికి చేసిన లెక్కే తప్పై, సరిగా ఉన్న ఖాతాను చెడగొట్టడము గిడ్డంగులలో వింత కాదు. అందువల్లనే బుద్ధిమంతులు తేడా కనబడగానే ఖాతా దిద్దరు. ముందు మరొకరిచేత, మొదటి అంకె చెప్పకుండ, మరల లెక్కింపజేస్తారు. అంకె ముందే తెలిస్తే కన్ను దానినే చూస్తుంది.

ప్రకృతి చేసే తీసివేత

పై తప్పులన్నీ మనుష్యులవి. సరుకు తనంతట తాను మారడము వేరు. దీనికి ధాన్యము గిడ్డంగిని మించిన ఉదాహరణ లేదు. కోస్తా జిల్లాల రైతులకు, మిల్లుదారులకు ఇది ప్రతి ఏటి అనుభవము. ప్రభుత్వము వడ్లు కొనేటప్పుడు తేమ నూటికి 17వరకు ఉండవచ్చునని పరిమితి పెట్టినది. 17 శాతము తేమతో వచ్చిన వడ్లు నిల్వలో ఆరి 14 శాతమునకు దిగినవనుకొందాము. 100 కిలోలకు ఎంత తరుగు? 3 కిలోలని తోస్తుంది. అది సరికాదు. మొదట 100 కిలోలలో నీరు 17, పొడి పదార్థము 83. నీరు ఆరిపోయినా పొడి పదార్థము 83 కిలోలే. ఇప్పుడది మొత్తములో నూటికి 86 వంతులు. కాబట్టి మొత్తము బరువు 83ను 0.86తో భాగిస్తే వచ్చే 96.5 కిలోలు. తరుగు 3.5 కిలోలు. 1,000 క్వింటాళ్ళ నిల్వలో ఇది 35 క్వింటాళ్ళు. ఒక్క ఎలుక దూరలేదు, ఒక్క గింజ ఎవరూ తీయలేదు. బస్తాలు లెక్కిస్తే సరిగా ఉన్నవి. కాటా వేస్తే తక్కువ.

దీనికి ఎదురు కూడ జరుగుతుంది. గింజ చుట్టూ ఉన్న గాలి తడిగా ఉంటే గింజ తేమను పీల్చుకొంటుంది. ఎండాకాలములో బాగా ఆరి గిడ్డంగి చేరిన గోధుమ వానాకాలములో బరువు పెరుగుతుంది. అట్టి నిల్వలో కొంత నిజముగా పోయినా కాటా సరిపోవచ్చును! అందుచేత బరువుతోపాటు ఆనాటి తేమశాతము వ్రాసిపెట్టని ధాన్యపు ఖాతాను చూచి ఎవరినీ దోషి అనడానికి వీలులేదు, నిర్దోషి అనడానికీ వీలులేదు.

పెట్రోలు డిపోలలో ఈ పాత్రను ఉష్ణము వహిస్తుంది. పెట్రోలు ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కితే పదివేలకు సుమారు తొమ్మిదిన్నర పాళ్ళు వ్యాకోచిస్తుంది. మధ్యాహ్నపు ఎండలో నింపిన 12,000 లీటర్ల ట్యాంకరు రాత్రి పది డిగ్రీలు చల్లబడి గమ్యము చేరితే 114 లీటర్లు తక్కువ చూపుతుంది. అందుకే అక్కడ లెక్కలను 15 డిగ్రీల వద్ద ఉండే సాంద్రతకు మార్చి చూస్తారు.

61 సీసాల రహస్యము

ఇప్పుడు మొదటి గిడ్డంగికి తిరిగిపోవచ్చును. అందులో ఏర్పాటు ఇట్లున్నదనుకొందాము. విరుగుడు మందు దినమునకు సగటున 5 సీసాలు బయటికి పోతుంది. కొత్త మందుకు వ్రాస్తే చేరడానికి 10 రోజులు పడుతుంది. ఆ పది రోజులకు 50 సీసాలు కావలె. భద్రతకు మరొక 10 కలిపి, ఖాతా నిల్వ 60కి దిగగానే కంప్యూటరు 200 సీసాలకు వ్రాస్తుంది. ఏర్పాటు చక్కగానే ఉన్నది.

ఐతే నూరు సీసాలు బయటికి పోయేసరికి ఒకటి చేయి జారి పగులుతుంది, దానిని ఎవరూ ఖాతాలో వ్రాయరు. నూటికి ఒకటి, ఎవరు పట్టించుకొంటారు? 20 రోజులకు ఒక సీసా, ఏడాదికి 18. మొదటి ఏడు ముగిసేసరికి ఖాతాలో 60 ఉన్నప్పుడు అరలో 42 ఉంటవి. అవి ఎనిమిది రోజులకు కొంచెము పైగా వస్తవి, మందు పదవ రోజుకు గాని రాదు. కనుక ప్రతిసారీ ఒకటిన్నర రోజు అర ఖాళీ. "ఈసారి పామకాట్లు ఎక్కువగా ఉన్నవి కాబోలు" అని సరిపెట్టుకొంటారు. మూడవ ఏటి చివర ఖాతాలో 60 ఉంటే అరలో ఉండేవి అయిదారు. ఒక రోజు గడిచి, తరువాత తొమ్మిది రోజులు ఖాళీ.

ఇంకొన్ని నెలలు గడిచి, పగిలిన సీసాల మొత్తము 61కి చేరుతుంది. అప్పుడు అర ఖాళీ అయ్యేసరికి ఖాతాలో 61 ఉంటుంది. అరలో లేని మందును ఎవరూ ఇవ్వలేరు. ఇవ్వకపోతే ఖాతానుండి తీసివేయడానికి ఏమీ లేదు. 61 ఎన్నటికీ 60 కాదు. 60 కాకపోతే కంప్యూటరు వ్రాయదు. వ్రాయకపోతే మందు రాదు. లెక్క గడ్డకట్టినది! మూడేండ్లకు పైగా పోయిన సరుకు ఆరువేలలో 61 మాత్రమే. కాని ఆ రోజునుండి ఆసుపత్రికి పోయే విరుగుడు సున్న.

నష్టమైన సరుకుకంటె, ఆ నష్టము తెలియకపోవడమే ఎన్నో రెట్లు హాని చేస్తుందన్న ఈ సంగతిని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన యున్ కాంగ్, స్టాన్లీ గెర్ష్విన్ గణితపు నమూనాలతో లెక్కగట్టి 2005లో ప్రకటించినారు. కంప్యూటరుకు తెలియని నష్టము చాల స్వల్పముగా ఉన్నా సరుకు తరచుగా అయిపోతుందని, అందువల్ల కలిగే నష్టము అసలు పోయిన సరుకు విలువను ఎంతో మించిపోతుందని వారు చూపినారు.

ఖాళీ అరను ఎవరూ చూడరా అని విద్యార్థి అడగవచ్చును. వీధి మూలనున్న దుకాణదారుకు ఈ జబ్బు రాదు. చూచే కన్ను, లెక్కించే బుర్ర, సరుకు తెప్పించే చేయి మూడూ అతనివే. వేల రకాలున్న గిడ్డంగిలో అర సర్దేవాడు ఒకడు, ఖాతా చూచేవాడు మరొకడు, సరుకు తెప్పించేది యంత్రము. అర సర్దేవాడు "మందు దారిలో ఉన్నదేమో" అనుకొంటాడు. ఖాతావాడికి అర కనబడదు. పై కార్యాలయమువారికి మరొక అపోహ కలుగుతుంది: కొన్ని నెలలుగా ఈ మందు ఒక్కటీ పోవడము లేదు కాబట్టి అక్కడ అవసరము తగ్గిపోయినదని భావించి, రాబోయే ఏటి కేటాయింపునే తగ్గించవచ్చును.

ఇక్కడ ఒక భేదము గమనించదగినది. పోలికవల్ల, తారుమారువల్ల వచ్చే తప్పులు ఒకసారి హెచ్చువైపు, ఒకసారి తగ్గువైపు పడతవి. ఒక్కొక్కటి ఒక సీసా చొప్పున ఇట్టివి నూరు జరిగితే, బొరుసు బొమ్మ వేసినట్లు అవి చాలవరకు కొట్టుకొనిపోయి, మిగిలే తేడా నూటి వర్గమూలమైన పదికి అటూ ఇటూగా ఉంటుంది. పగలడము, ఆరడము, దొంగతనము మాత్రము ఎప్పుడూ ఒకవైపే లాగుతవి. నూరు సీసాలు పగిలితే తేడా నూరే. ఖాతాను గడ్డకట్టించేవి ఈ ఏకపక్షపు తప్పులే.

ఎప్పుడు లెక్కించవలె?

ఏడాదికొకసారి తలుపులు మూసి అంతా లెక్కించడము పాత పద్ధతి. పై ఉదాహరణలో అది చేసినా తేడా 18 దాటకుండ ఆగేది, లెక్క గడ్డకట్టేది కాదు. కాని అలసిన మనుష్యులు వేల వస్తువులను రెండు రోజులలో లెక్కించినప్పుడు కొత్త తప్పులు పుట్టడము సహజము. అందుకని ప్రతిరోజు కొన్ని వస్తువులను మాత్రమే, ఏడాది పొడవునా లెక్కించే పద్ధతి వచ్చినది. ముఖ్యమైనవాటిని నెలకొకసారి, అల్పమైనవాటిని ఏడాదికొకసారి చూస్తారు. ఖరీదైనవే ముఖ్యమని లెక్కవేసేవారు కొంత పొరబడుతున్నారనే చెప్పవలె. డీహొరేషియస్, రామన్‌ల పరిశీలనలో ఖరీదైన వస్తువుల ఖాతాలు మిగిలినవాటికంటె సరిగా ఉన్నవి, ఎక్కువగా చేతులు మారే వస్తువుల ఖాతాలే ఎక్కువ చెడినవి. ఒకే దుకాణములో రకాలు పెరిగినకొద్దీ తప్పులుకూడ పెరిగినవి.

అన్నిటికంటె చవుకైన లెక్క ఖాళీ అరది. వేయి సీసాలు లెక్కించడానికి గంట పడుతుంది. సున్నను లెక్కించడానికి ఒక్క చూపు చాలు. ప్రతి ఉదయము ఒకరు గిడ్డంగి అంతా తిరిగి ఖాళీ అరలను మాత్రము వ్రాసుకొని, వాటి ఖాతాలు తీసి చూస్తే, గడ్డకట్టిన లెక్కలన్నీ ఆ నాడే దొరుకుతవి. విరుగుడు మందు విషయములో ఇంత చిన్న నడక చాలును. ఖాతాలో రుణసంఖ్య కనబడడముకూడ ఇట్టి ఉచితమైన సాక్ష్యమే. "మైనస్ 4 పెట్టెలు" ఏ గిడ్డంగిలోను ఉండవు కదా.

ఇటీవల కొన్ని చోట్ల పెట్టెలకు రేడియో చీటీలు అంటిస్తున్నారు. అవి దూరమునుండి పలికే యంత్రమునకు తమ సంఖ్యను రేడియో తరంగములతో తిరిగి చెప్తవి. ఒక్కొక్క పెట్టెను చేతితో చూపనవసరము లేదు. కాని లోహము ఈ తరంగములను త్రిప్పికొడుతుంది, నీరు వాటిని మింగుతుంది. బట్టల గిడ్డంగిలో బాగా పనిచేసిన చీటీలు సెలైను సీసాల గుట్టలోను, నూనె డబ్బాల వరుసలోను మూగబోవచ్చును.

ఈ విషయమును తరగతిలో పరీక్షించడానికి పెద్ద గిడ్డంగి అక్కరలేదు. పాఠశాల ప్రయోగశాల స్టాకు రిజిస్టరు ఒకటి చాలు. పరీక్షనాళికలు, బీకరులు, కటకములు, థర్మామీటర్లు ఏవైనా ఇరవై రకాలు ఎన్నుకొని, రిజిస్టరులోని అంకె చెప్పకుండ ఇద్దరు విద్యార్థులచేత వేరువేరుగా లెక్కింపజేయవలె. ఇద్దరి లెక్కలు ఎన్ని చోట్ల కలియలేదో మొదట వ్రాసుకోవలె. అది లెక్కించడములోని తప్పు. ఆ తరువాతనే రిజిస్టరుతో పోల్చి, హెచ్చులు ఒక వరుసలోను, తగ్గులు ఒక వరుసలోను, తొమ్మిదితో భాగింపబడేవి విడిగాను వ్రాస్తే చాలు. గాజుసామాను అంతా తగ్గుల వరుసలోనే పడే అవకాశము ఎక్కువ. పాదరసము సీసాను మాత్రము ఉపాధ్యాయులే తూచవలె, విద్యార్థుల చేతికి ఇవ్వరాదు.